పూర్ణయ్య మాస్టారి సమాంతర గీత

ఉయ్యూరు దగ్గర బస్సు నెమ్మదించగానే ఫ్యాక్టరీ వైపు నుంచి కాగుతున్న చెరకు రసం వాసన గుప్పున కొడుతుంది. పామర్రులో ఉన్న మా అక్క ఇంటికి వెళ్లినప్పుడల్లా ఇదే. పక్క సీట్లోవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఇంటర్ మొదటి సంవత్సరం క్లాసూ, పూర్ణయ్య మాస్టారూ గుర్తొస్తారు. అంత మంచి గురువు గుర్తొస్తే ఎవరికైనా సంతోషం కలగాలి. నాకు కలగదు. ఆయనకు నేను చేసింది అలాంటిది.

మాస్టారు ఉయ్యూరు కాలేజీలో మాకు లెక్కలు చెప్పేవారు. పుస్తకంలో సరళరేఖ అని ఉన్నా ఆయన గీత అనే అనేవారు. ఒక గీతకు సమాంతరంగా, ఇచ్చిన బిందువు గుండా పోయే గీత సమీకరణం కనుక్కోవాలి. x, y ల ముందున్న అంకెలు అలాగే ఉంచి, చివరి అంకె స్థానంలో k రాసి, బిందువును అందులో వేస్తే k ఎంతో తేలిపోతుంది. ఎవరైనా పది నిమిషాల్లో చెప్పేస్తారు. మాస్టారు రెండు రోజులు చెప్పారు. 2x + 3y − 6 = 0 కు సమాంతరంగా (4, 1) గుండా పోయే గీతను నేను చకచకా చేసి, 2x + 3y − 11 = 0 అని నోటుబుక్కు చూపించాను. ఆయన జవాబు వంకైనా చూడలేదు.

"బిందువు ఎక్కడుందో చూశావా అమ్మా?"

"జవాబు కరెక్టే కదండీ!"

"కరెక్టే. నేనడిగింది అది కాదుగా. ముందు దాన్ని పాత గీతలో వేసి చూడు. సున్నా వచ్చిందనుకో, అది ఆ గీత మీదే ఉన్నట్టు. ఇంక వేరే గీత ఎక్కణ్ణుంచి తెస్తావ్?"

అప్పుడది చాదస్తం అనుకున్నాను. కానీ లెక్కంటే ఒట్టి జవాబు కాదని నాకు తెలిసింది ఆ చాదస్తం వల్లనే. నేను లెక్కల లెక్చరర్‌నయ్యానంటే ఆయన చలవే.

భవానీపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో నేను చేరిన కొన్నేళ్లకు, రిటైరైన మాస్టారు కూడా అక్కడికే వచ్చారు. భార్య పోయాక ఇంట్లో ఉండలేకపోతున్నారు. "క్లాసు లేకపోతే పొద్దు గడవట్లేదమ్మా," అన్నారు, స్టాఫ్‌రూములో నా పక్క కుర్చీ లాక్కుంటూ. రోజూ ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చి అందరికంటే ముందే ఉండేవారు.

మూడు నెలలు తిరక్కుండానే ప్రిన్సిపాల్ నన్ను పిలిచారు. "మీ మాస్టారు ఒక్కో లెక్కకి పీరియడంతా తినేస్తున్నారండీ. ఎంట్రన్సులో ప్రశ్నకి నిమిషం కూడా ఉండదు. మీరైతే ఆయన స్టూడెంటు, ఎవరూ తప్పుపట్టరు. ఓసారి క్లాసులో కూర్చుని రిపోర్టు రాసివ్వండి. దాన్నిబట్టి ఉంచాలో వద్దో చూద్దాం."

చివరి బెంచీలో కూర్చున్నాను. మాస్టారు 3x − 4y + 5 = 0 అని బోర్డు మీద రాసి, దానికి సమాంతరంగా (1, 2) గుండా పోయే గీత చెప్పమన్నారు. పిల్లలు క్షణాల్లో k కట్టేశారు. "ఐదు సార్! మళ్లీ అదే గీత వచ్చింది. లెక్క తప్పిచ్చారు సార్!" క్లాసంతా నవ్వింది. ఆయన చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. వయసు మీదపడి తన పాఠం తనే మరిచిపోయారనుకున్నాను. ఆయన అవమానపడటం చూడలేక వెనక తలుపులోంచి బయటికి వచ్చేశాను. ఆ మధ్యాహ్నమే రిపోర్టు రాశాను. 'తరచు తడబడుతున్నారు' అని రాశాను. నేను చూసింది ఒక్కసారే, అదీ సగమే.

మర్నాటి నుంచి పక్క కుర్చీ ఖాళీ. రెండు రోజులు పోయాక ఆ సెక్షన్ అమ్మాయి ఒకతె నన్ను వరండాలో ఆపింది. "సార్ ఇంక రారా మేడం? ఆ రోజు మీరెళ్లాక చెప్పారు, ఆ లెక్క కావాలనే ఇచ్చారంట. చేసేముందు బిందువు ఎక్కడుందో ఎవరన్నా చూసుకుంటారేమోనని. బెల్లు కొట్టేదాకా అదే చెప్పారు. భలే అర్థమైంది మేడం."

ఆదివారం ఉయ్యూరు వెళ్లాను, తప్పు ఒప్పుకుందామనే. ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. మాస్టారే కాఫీ కలిపి తెచ్చారు. ముఖంలో కోపం లేదు.

"రిపోర్టు చూపించార్లేమ్మా. నువ్వు రాశావంటే ఆలోచించే రాసి ఉంటావు. ఒక్కటి చెప్పు. చివరిదాకా కూర్చున్నావా?"

లేదు అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట చెప్పడానికే వెళ్లాను. ఆయన ముఖం చూసేసరికి సిగ్గేసింది.

"కూర్చున్నానండీ," అన్నాను.

ఆయన తల ఊపారు. చేతిలో గ్లాసు కింద పెట్టారు. "అంతా విన్నాక కూడా నీకే అర్థం కాలేదంటే, ఇంక నాకు చెప్పడం చేతకావట్లేదన్నమాటే."

ఆ తర్వాత ఇంటికొచ్చి అడిగే పిల్లలకు కూడా చెప్పడం మానేశారట. ఏడాది లోపే పోయారు. సమాంతర రేఖల పాఠం నేను ఏటా చెబుతూనే ఉన్నాను, బాగా చెబుతానని పేరు కూడా ఉంది. ఆయన మాత్రం తనకు పాఠం చెప్పడం రాదని నమ్మి పోయారు. నమ్మించింది నేను.