గడీ తలుపు కేసు

నేను కోర్టులో టైపిస్టుగా చేరిన మొదటి వారంలోనే మా పెద్ద క్లర్కు దగ్గర కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్పాడు. "అమ్మా, గీడ చేతులు పని చెయ్యాలె, మనసు పని చెయ్యొద్దు. చేసిందో, రెండేండ్లల్ల బీపీ వస్తది." ఆయన మాట పద్నాలుగేళ్లు పాటించాను. గట్టు పంచాయితీలు, కత్తిపోట్లు, విడాకులు, అన్నీ ఈ వేళ్ల మీదుగానే పోయాయి. సాయంత్రం సిద్దిపేటలో బస్సు దిగేసరికి వాటిలో ఒక్కటీ గుర్తుండేది కాదు. ఒక్క కేసు మాత్రం నాతోపాటు బస్సెక్కి ఇంటికి వచ్చింది.

దాని ఫైలు మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. పోయింది నగా నట్రా కాదు, తలుపు. ధూళిమిట్ట దాటి కొంత దూరం పోతే ఒక ఊళ్లో పాత దొరల గడీ ఉంది. ఆ గడీ పెద్ద దర్వాజా, రెండు రెక్కలతో సహా మాయమైంది. ఫిర్యాదు చేసింది దొర మనుమడు. హైదరాబాదులో ఉంటాడు. ముద్దాయి ఆ గడీకి ముప్పై ఏళ్లుగా కావలి ఉన్న మనిషి. అప్పటికి ఆయనకు అరవై దగ్గర పడ్డాయి. సన్నగా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. కోర్టులో పేరు పిలిస్తే రెండు చేతులూ జోడించుకునే లోపలికి వచ్చేవాడు.

విచారణ మధ్యలో మేజిస్ట్రేటుగారు స్థలం చూడాలన్నారు. ఆయనతో పాటు క్లర్కు, నేను, రెండు పక్షాల వకీళ్లు, ఫిర్యాది, ముద్దాయి అందరం వెళ్లాం. చూసింది చూసినట్టు రాసుకోవడం నా పని.

అంత పెద్ద కట్టడం మన పక్క ఊళ్లలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. నిలువెత్తు వరకు చెక్కిన నల్లరాయి, ఆపైన ఇటుక, డంగు సున్నం. గోడ మందం చూద్దామని చేయి చాపితే నా చేయి సరిపోలేదు. లోపల విశాలమైన వాకిలి, దాని చుట్టూ టేకు స్తంభాలు, ప్రతి స్తంభం తల దగ్గర బోర్లించిన అరటి పువ్వు. మేడ మీద వసారా ఉంది. అక్కడ కూర్చుని దొర తీర్పులు చెప్పేవాడట. ఇప్పుడు ఆ వసారా సగం కూలి, దాని మీద సీతాఫలం చెట్టు మొలిచి కాయలు కాసింది. గుర్రం మీద మనిషి తల వంచకుండా లోపలికి రావడానికి వీలైనంత ఎత్తు దర్వాజా అది. ఇప్పుడు రాతి కమాను మాత్రమే మిగిలింది. అవతల ఎండలో మేకలు మేస్తూ కనబడ్డాయి.

మేజిస్ట్రేటుగారు ముద్దాయిని దగ్గరికి పిలిచి అడిగారు. "ఈ తలుపు ఎట్లా ఊడుతుందో నీకు తెలుసా?"

"తెలుసు సారూ. పది పన్నెండు మంది కావాలె. మీది రాయి కింద సున్నం తొలిచి రాయిని జర లేపాలె. గప్పుడుగాని రెక్క ఊడిరాదు. గాడ జూడున్రి, తొలిచిన జాగ." ఆయన చూపించిన చోట సున్నం నిజంగానే ఇంకా నల్లబడకుండా తెల్లగా ఉంది. అది చాలా నిదానంగా, నేర్పుగా చేసిన పని. ఫిర్యాది ఫోను చూసుకుంటూ అవతలికి నడిచాడు.

ఆ తలుపు ఎలా ఉండేదో చెప్పమన్నప్పుడు మాత్రం ఆ వంగిన మనిషి నిటారుగా నిలబడ్డాడు. ఒక్కో రెక్క మీద ఏడేసి హంసలు, మధ్యలో ఇత్తడి బుడిపెలు, ఎడమ రెక్కలో మనిషి వంగి దూరేంత దిడ్డి దర్వాజా. కుడి రెక్క మీద కింది నుంచి మూడో హంసకు ముక్కు లేదు. ఎప్పుడో బండి నొగ తగిలి విరిగితే ఊరి వడ్లాయన వేప ముక్క చెక్కి అతికించాడు. టేకు నల్లబడింది గాని ఆ వేప ముక్క పచ్చగానే ఉండిపోయింది. ఇదంతా రాసుకుంటూ నేను తప్పు చేసి, ఆఫీసుకొచ్చాక ఆ పేరా మూడుసార్లు కొట్టాల్సి వచ్చింది.

"నీకు ఈ గడీ అంటే అంత ప్రేమ ఎందుకు?" అన్నారు మేజిస్ట్రేటుగారు, విచారణతో సంబంధం లేకుండా.

"మా తాత మోసిండు సారూ ఈ రాళ్లు. కూలి లేదు, గింజ లేదు, వెట్టి. దొరకు గడీ వచ్చింది, మాకు కావలి వచ్చింది. ఇదంత మావోళ్ల చెమట గదా. మేం జూడకుంటె ఎవలు జూస్తరు?"

ఆ జవాబు రికార్డులోకి ఎక్కలేదు. కేసుకు అవసరం లేనిది కదా.

కేసుకు అవసరమైనది వేరే ఉంది. తలుపు పోయిన మూడు రోజులూ ఆయన ఊళ్లో లేడు. జగదేవ్‌పూర్‌లో ఉన్న బిడ్డ దగ్గరికి వెళ్లాడు. "చిన్న దొరనే పొమ్మన్నడు సారూ. బిడ్డను జూసి చానా దినాలాయె గదా, నేనుంట గీడ, పోయి రాపో అన్నడు" అని వాంగ్మూలం ఇచ్చాడు. చిన్న దొర, అంటే ఫిర్యాది, బోనెక్కి, తాను ఎవరినీ ఎక్కడికీ పంపలేదని ప్రమాణం చేసి చెప్పాడు. ఇద్దరి మాటలూ నేనే టైపు చేశాను. కాగితం మీద రెండూ ఒక్కలాగే కనబడ్డాయి.

అయిదేళ్లు నడిచాక తీర్పు వచ్చింది. సాక్ష్యం చాలదు, సంశయ లబ్ధి కింద ముద్దాయి నిర్దోషి. ఆయన భార్య వరండాలోనే కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆయన మాత్రం నా దగ్గరికి వచ్చి, "గెలిచినమా బిడ్డా?" అని అడిగాడు. "గెలిచినవు పెద్దయ్యా" అన్నాను.

పది రోజుల తర్వాత తీర్పు నకలు పట్టుకుని మళ్లీ వచ్చాడు. కాగితం మడత విప్పి నా బల్ల మీద పెట్టాడు. "ఊళ్లె సదువుకున్న పిలగాడు సదివిండు. సంశయం అని రాసిన్రట గదా. గదేంది?"

"సందేహం ఉంటే శిక్ష వెయ్యొద్దని చట్టం పెద్దయ్యా."

"అంటె నా మీద ఇంక సందేహం ఉన్నదనే గదా?"

చట్టం ప్రకారం ఆ మాట ఆయనకు రక్ష. ఊళ్లో అదే మాట ఆయన మీద మచ్చ. ఎవరూ ఒక్క మాట అనలేదట. ఆయన ఎవరి వాకిట్లోకన్నా వెళ్తే మాత్రం మాటలు ఆపి, లేచి ఏదో పని చూసుకునేవారట. పొలం మోటారుకు కావలి పెట్టుకోమంటే ఇంకొకరికి చెప్పామనేవారట. చివరికి ఆలుమగలు ఊరు విడిచి సిద్దిపేటలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. ఆయన కూరగాయల మార్కెట్లో ఊడ్చే పనికి కుదిరాడు. పొద్దున్నే కూరగాయలకు వెళ్తే అప్పుడప్పుడు కనబడేవాడు. చీపురు పక్కన పెట్టి నమస్కారం చేసేవాడు. ఆ నమస్కారం నుంచి తప్పించుకోవడానికి నేను కొన్నిసార్లు వేరే వరసలోంచి వెళ్లిన మాట నిజం.

మూడేళ్లు గడిచాయి. మాతో పనిచేసే ఆమె కూతురి పెళ్లి వర్గల్ పోయే తోవలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. కారు దిగి లోపలికి నడుస్తుంటే జనం గుంపుగా నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ముందు ఫోటోల కోసం పెట్టిన అట్ట తలుపేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్తే టేకు. పైనుంచి కిందిదాకా బంతిపూల దండలు వేలాడదీశారు. వాటి సందుల్లోంచి హంసలు కనబడ్డాయి. నలుగురూ ఏమనుకుంటారోనని చెప్పు సరిచేసుకునే నెపంతో వంగి, కుడి రెక్క మీద కింది నుంచి లెక్కపెట్టాను. మూడో హంస దగ్గర దండ పక్కకు జరిపాను. వేప ముక్క పచ్చగా ఉంది.

పెళ్లిలో ఏం తిన్నానో గుర్తులేదు.

నాలుగు రోజులు బయట ఎవరికీ చెప్పలేదు. కోర్టు ఉద్యోగిని, ముగిసిన కేసులో వేలు పెడితే ఉద్యోగానికే ముప్పు. మా ఆయనను అడిగితే, "నువ్వు జూసినవ్, అంతే. జూసినోళ్లందరు చెప్పాల్నని ఏమన్న ఉన్నదా?" అన్నాడు. తప్పేమీ కాదు ఆ మాట. కానీ అయిదో రోజు మార్కెట్లో ఆయన నమస్కారం చేస్తే నాకు తిరిగి చేయబుద్ధి కాలేదు. "పెద్దయ్యా, తలుపు కనబడ్డది" అన్నాను.

ఆయన చీపురు కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని, "ఎక్కడ?" అన్నాడు.

ముహూర్తాలు లేని రోజు చూసుకుని ఆయన, ఆయన భార్య, నేను బస్సులో వెళ్లాం. హాలు యజమాని నిన్న మొన్నటిదాకా వ్యవసాయం చేసిన మనిషి. రోడ్డు పక్క పొలంలో ఈ హాలు కట్టుకున్నాడు. మా సంగతి విని మొదట కోపం తెచ్చుకున్నాడు. ఆలోగా ముసలాయన తలుపు దగ్గరికి వెళ్లాడు. ఏడుస్తాడనుకున్నాను. ఆయన దిడ్డి దర్వాజాను మెల్లగా తోశాడు. అది కీచుమంది. "ఆముదం పెట్టక ఎన్నేండ్లాయె?" అన్నాడు, ఎవరినీ చూడకుండా. తర్వాత ఒక్కో ఇత్తడి బుడిపె మీద అరచేయి ఆనించుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచాడు. యజమాని గొంతు దానంతటదే తగ్గింది.

"నేను దొంగ సొమ్ము కొనలే పెద్దమనిషీ. కాయిదం ఉన్నది నా తాన" అంటూ లోపలికి వెళ్లి ఫైలు తెచ్చాడు. అమ్మినట్టు రాసిన కాగితం అది. కింద సంతకం చిన్న దొరది. ఆ సంతకాన్ని నేను వాంగ్మూలాల కింద ఎన్నిసార్లు చూశానో. తేదీ చూశాను. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చిన రోజుకు పదకొండు రోజుల ముందుది.

అప్పుడు ముడి అంతా విడిపోయింది. గడీలో చిన్న దొర అక్క కూడా వాటాదారని ముసలాయన చెప్పాడు. ఆమెకు చెప్పకుండా తలుపు అమ్మేశాడు. ఆమె ఊరికి వచ్చి, తలుపేదని నిలదీస్తుందని తెలియగానే దొంగతనం అన్నాడు. దొంగతనం అన్నాక దొంగ కావాలి. మూడు రోజులు బిడ్డ ఇంటికి తనే పంపిన మనిషి సిద్ధంగా ఉన్నాడు.

యజమాని ఆ కాగితాన్ని ఫోటో తీసుకోనిచ్చాడు. ఫైలు మూస్తూ, "గీడనే కావలి ఉంటవా? నీ తలుపు నువ్వే జూసుకో" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "పూలదండలేసుకోని మంచిగనే ఉన్నది. ఉండనియ్యి" అన్నాడు.

నేను కేసు వేద్దామన్నాను. తప్పుడు ఫిర్యాదు, అబద్ధపు సాక్ష్యం, సెక్షన్లు నాకు కంఠతా వచ్చు. ఆయన వినలేదు. "మల్ల అయిదేండ్లు మెట్లెక్కాల్నా బిడ్డా? నన్ను పోలీసు జీపెక్కియ్యంగ జూసినోళ్లు ఊళ్లె ఉన్నరు. వాళ్లకు ఎరుకైతె సాలు." నేరానికి శిక్ష పడకుండా వదిలేయడం ఇవాళ్టికీ నా మనసుకు ఒప్పదు. కానీ జీపెక్కింది నేను కాదు.

మిగతాది ఆయన భార్య చేసింది. అయిదేళ్ల విచారణలో ఆమె నోరు విప్పగా నేను చూడలేదు. బస్సులోనే, "చిన్న దొర అక్కకు చిన్నప్పుడు జడలేసింది నేనే. నేను జెప్తె ఇంటది" అని, మరుసటి రోజు ఎవరి ద్వారానో నంబరు సంపాదించి ఫోను చేసింది. అవతలి మనిషి అంతా విన్నదట. తర్వాత, "నేనొస్త అవ్వా" అన్నదట.

వచ్చింది. ఒక ఆదివారం పొద్దున ఊరి గ్రామపంచాయతీ ముందర జనం కూడారు. నేను వెనక నిలబడ్డాను, ముందుకు రావడానికి ధైర్యం లేదు. ఆమె ఆ కాగితం నకలు చదివింది, తమ్ముడి సంతకం అందరికీ చూపించింది. తర్వాత ముసలాయన వైపు తిరిగి చేతులు జోడించింది. "మా తమ్ముడు తప్పు జేసిండు. మా ఇంటోళ్ల పేరు మీద నేను మాఫీ అడుగుతున్న."

ఆ రాళ్లు మోసిన మనిషి మనుమడి ముందు దొర మనుమరాలు అలా నిలబడితే, చప్పట్లో, ఏడుపులో ఏదో ఒకటి ఉంటుందనుకున్నాను. ఎవరూ కదల్లేదు. ముసలాయన గబగబా ముందుకు వెళ్లి, "వద్దమ్మా, వద్దు, గట్ల జెయ్యకు" అంటూ ఆమె చేతులు కిందికి దించబోయి, ముట్టుకోవడానికి వెనకాడి, తన చేతులు గాల్లోనే ఆపేశాడు. చివరికి ఆమే ఆయన చేతులు పట్టుకుంది. గుంపులోంచి ఒక పెద్దామె, "మాకు ముందే ఎరుక నువ్వు తియ్యలేదని" అంది. ఆయన భార్య ఆమె వైపు ఒక్క చూపు చూసింది. ఆ పెద్దామె తల దించుకుంది.

తిరుగు బస్సులో ఎట్లా ఉంది పెద్దయ్యా అని అడిగాను. "సిగ్గైంది బిడ్డా" అన్నాడు. కాసేపటికి కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. ఆయన భార్య తన కొంగును ఆయన చెవుల మీదుగా గాలి తగలకుండా కప్పింది.

చిన్న దొర ఊరివైపు మళ్లీ రాలేదు. అక్కతో ఏదో రాజీ చేసుకున్నాడని విన్నాను. గడీ స్థలం అమ్ముడుపోయింది. స్తంభాలు ఎవరో కొనుక్కుపోయారు, ఈసారి అందరికీ చెప్పి.

ఈ ఎండాకాలం మార్కెట్లో ఆయన కనబడలేదు. ఏమైందోనని కంగారుపడి గదికి వెళ్తే తాళం వేసి ఉంది. పక్కింటామె చెప్పింది, ఊరికి పోయిన్రని. అక్కడొక రైతు మామిడి తోటకు కావలి కావాలని తనే కబురు పంపాడట. ఆలుమగలు ఇద్దరూ తోటలోనే గుడిసె వేసుకుని ఉంటున్నారట, కాయ కోత అయ్యేదాకా రారట. నాకిమ్మని ఆ పొద్దున్నే ఎవరితోనో ఆమెకు ఒక సంచి పంపారట. విప్పి చూస్తే పచ్చడి కాయలు, ఇంకా సొన ఆరలేదు.