గోడ అడుగున తెల్లటి ఖండం

మా సోషల్ మేడం పోయారు. పొద్దున దుకాణం షట్టర్ ఎత్తుతుంటే వాళ్ళబ్బాయి ఫోన్ చేసి, "అమ్మ పోయింది అన్నా" అన్నాడు. జహీరాబాద్‌లో మాది రంగుల దుకాణం. బడి తెరిచే ముందు ఏటా ఆమె కోసం ఒక సున్నం సంచి పక్కన పెడతాను. ఈ ఏడూ పెట్టాను. దాన్నే చూస్తూ నిలబడిపోయాను.

మా బడి వరండా గోడ మీద మేడం స్వయంగా గీసిన ప్రపంచ పటం ఉంది. దాని అడుగుభాగం సరిగ్గా మేం కూర్చునే ఎత్తులో ఉండేది. అన్నాలు తిని గోడకు ఆనుకున్నామంటే అంటార్కిటికా మా వీపులకు అంటుకునేది. వేసవి సెలవులొచ్చేసరికి ఖండమంతా మాయం. జూన్‌లో ఆమే బకెట్, కుంచె పట్టుకుని మళ్ళీ తెలుపు వేసేవారు. రిటైరైనా మానలేదు.

"జర బంక కలుపున్రి మేడం, అప్పుడు అంటదు" అని ఏటా చెప్పేవాణ్ణి. బంక లేని సున్నం చేతికి అంటుతుందని ఎవరికి తెలియదు! ఆమె వింటేనా? "నీ సున్నం నువ్వమ్ముకో, నా గోడ సంగతి నీకెందుకు" అనేవారు.

ఆ తెలుపు గురించి పాఠం మొదలుపెడితే ఆమెకు గంట వినబడేది కాదు. పాత పటాల్లో ఆ చోటు ఉత్త ఖాళీ అట. వెళ్ళినవాళ్ళు డైరీల్లో రాసుకొచ్చిన కొద్దీ గీతలు పడ్డాయి, కొండలకు రాజుల పేర్లూ రాణుల పేర్లూ పడ్డాయి. ఉత్తర ధ్రువం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మేడంకు కోపం వచ్చేది.

"తోలు బట్టలు ఎట్ల తొడగాలె, కుక్కల బండి ఎట్ల తోలాలె, అన్ని ఆ మంచుల పుట్టినోళ్ళే నేర్పిన్రు. పుస్తకంల ఏమో 'మేం కనిపెట్టినం' అని రాసుకున్నరు. ఎవడో వచ్చి కోహీర్‌ను నేనే కనిపెట్టిన అంటె మీ నాయనమ్మ ఊకుంటదార?"

మా నాయనమ్మది కోహీరే. ఊరుకునే మనిషి కాదు. క్లాసంతా నా వైపు తిరిగి ఒకటే నవ్వు.

దక్షిణ ధ్రువానికి రెండోవాళ్ళుగా చేరి, తిరుగుదారిలో చనిపోయినవాళ్ళ పాఠం మాత్రం గొంతు తగ్గించి చెప్పేవారు. "ముందుగాల పోయి బతికొచ్చినోళ్ళ కంటె వీళ్ళ గురించే లోకం ఎక్కువ రాసింది. ఎందుకు?"

"పాపం అనిపించి" అన్నాను.

"వీళ్ళు గుడారంల పడి ఆఖరుదాక రాసిన్రు. అందుకు."

కాళ్ళీడ్చుకుంటూ నడుస్తూ కూడా వాళ్ళు రాళ్ళ మూట వదల్లేదట. ఆ రాళ్ళలో ఆకుల అచ్చులున్నాయి. అలాంటి అచ్చులే మన గోదావరి పక్క బొగ్గు గనుల్లోనూ ఉన్నాయి. ఒకప్పుడు ఆ నేలా మన నేలా కలిసే ఉన్నాయనడానికి ఆ రాళ్ళూ సాక్ష్యమే. "మనకు పాలోళ్ళురా. పంపకాలైనంక దూరం పోయిన్రు, గంతే" అనేవారు మేడం.

ఈ ఎండాకాలం దవాఖానలో చూశాను. చెయ్యి పట్టుకుంటే ఎముకలే తగిలాయి. తన జబ్బు సంగతి ఒక్క మాటా ఎత్తలేదు. "ఈయేడు కింద తెలుపు ఎవరేస్తరు? పటం అచ్చేసెటోళ్ళు జాగ చాలకుంటె ముందుగాల దాన్నే కోసేస్తరు. మన గోడ మీదన్న ఉండాలె" అన్నారు.

"నేనేస్త మేడం. ఫికర్ చెయ్యకుండ్రి."

"బంక కలుపకు."

"ఎందుకు మేడం? ఇప్పుడన్న చెప్పున్రి."

"మనోళ్ళెవ్వరు అంత దూరం పోరు. అదన్న పిల్లలతోని ఇంటికి పోనీ."

తల పక్కకు తిప్పుకున్నాను. ఆ ముసలి కళ్ళ ముందు ఏడవడం ఇష్టం లేకపోయింది.

దినాల నాడు పాత విద్యార్థులం కలిశాం. ఆమె గుర్తుగా పటం మొత్తానికి ఆయిల్ పెయింట్ వేయిద్దామన్నారు. "జన్మల పోదు" అన్నాడు చిరాగ్‌పల్లి నుంచి వచ్చిన మా క్లాసువాడు. అమ్మకం నా దుకాణానిదే. అయినా గట్టిగా అరిచాను: "పైన మీ ఇష్టం. కింద మాత్రం సున్నమే!" చావింట్లో అందరూ బిత్తరపోయారు. తర్వాత మేడం మాట చెప్పాను. కింద సున్నానికే ఒప్పుకున్నారు.

బడి తెరిచే ముందురోజు ఆ సంచి తీసుకెళ్ళి తెలుపు వేశాను. ఆమె చేతి వంపు నాకు రాలేదు. అంచులు వంకరపోయాయి. అది ఆరేదాకా వరండాలో తిరిగి, అలవాటు కొద్దీ అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాను. చాలాసేపు లేవబుద్ధి కాలేదు.

ఇంట్లో అడుగుపెట్టగానే మా ఆవిడ, "ఏందిది, వీపంత సున్నం!" అంటూ దులపడానికి చెయ్యెత్తింది.

"జర ఆగు" అన్నాను.

అంగీ విప్పి మేకుకు తగిలించాను. నీలం గుడ్డ మీద ఆ తెలుపు అలాగే ఉంది. ఇంకా ఉతకనివ్వలేదు.