జామకాయల మీద సూదిపోట్లు

కరోనా సద్దుమణిగిన మరుసటి వానాకాలం. నేను మొయినాబాద్, చేవెళ్ల మండలాల్లో హార్టికల్చర్ ఆఫీసరుగా, అంటే పండ్లు, కూరగాయల రైతులకు సలహాలు చెప్పే ఉద్యోగిగా తిరుగుతున్న రోజులు. ఎంకపల్లి నుంచి జంగారెడ్డి అనే రైతు ఫోన్ చేశాడు. ఆయనకు రెండెకరాల తైవాన్ జామ తోట ఉంది. కాయ రంగు తిరిగే వేళకు రాలిపోతున్నదని చెప్పాడు.

వెళ్లి చూశాను. కాయ మీద సూదితో పొడిచినట్టు సన్నని రంధ్రం. నొక్కితే రసం చిమ్మింది. ఫ్రూట్ ఫ్లై అని అక్కడికక్కడే తేల్చేశాను. పండులో గుడ్లు పెట్టే ఈగ అది. కాయ కోస్తే లోపల ఒక్క పురుగూ లేదు. అయినా నోటి నుంచి వచ్చిన మాటను వెనక్కి తీసుకోవడం నాకు అప్పట్లో చేతకాదు.

కాయలు తెంపే అంజమ్మ గంప దించి మా పక్కన నిలబడింది. అరవైకి దగ్గర పడిన మనిషి. తోట పెట్టిన నాటి నుంచి అక్కడే పని చేస్తున్నది.

“ఈగ కాదు సార్. పొద్దుగూకినంక పెద్ద పెద్ద రెక్కల పురుగులు వస్తయి. కాయ మీద కూసొని గుచ్చుతయి. నేను చూసిన,” అన్నది.

నాకు నవ్వొచ్చింది. “పంటను తినేది గొంగళిపురుగు అవ్వా. రెక్కలు వచ్చినంక అది పూల తేనె తాగి బతుకుతది. కాయకు పొక్క ఎట్ల పెడతది?” అన్నాను. జంగారెడ్డి కూడా నవ్వాడు. ఈగలను వాసనతో రప్పించి పట్టే ట్రాప్ డబ్బాలు కట్టమని చెప్పి బండెక్కాను.

మూడు వారాలకు జంగారెడ్డి నుంచి మళ్లీ ఫోన్.

“డబ్బాల ఈగలు పడుతలేవు సార్, కాయలకు పొక్కలు పడుతనే ఉన్నయి. ఇగ నాకు సమజైంది, ఇది మనిషి పని. మొన్న బోనాలకు నాలుగొద్దులు పోతనంటే అంజమ్మను వద్దన్న. ఆ కోపానికి దబ్బణంతోని పొడిచింది. అందుకే రెక్కల పురుగని కతలు చెప్పింది. నలుగుర్ల నిలబెట్టి అడిగి, పనిలకెల్లి తీసేసిన.”

“తీసేసి ఎన్నొద్దులైంది అన్నా?”

“వారం.”

“మరి ఈ వారం కాయలకు పొక్కలు పడలేదా?”

“పడ్డయి,” అన్నాడు. తప్పు చెప్పింది నేను, నింద పడింది ఆమె మీద.

ఆ సాయంత్రమే వెళ్లి, చీకటి పడగానే నేను, జంగారెడ్డి టార్చి వేసుకొని చెట్ల మధ్య నడిచాం. నాలుగో చెట్టు మీదే కనిపించాయి. ఎండుటాకు లాంటి పై రెక్కలు, వాటి కింద నారింజ రంగు రెక్కలు. వెలుగు పడితే కళ్లు నిప్పుకణికల్లా మెరిశాయి. ప్రోబోసిస్, అంటే మూతి గొట్టం, కాయలోకి దిగి ఉంది.

యుడోసిమా అనే జాతి ఇది. పుస్తకంలో ఒకసారి చదివి, పరీక్షతో పాటే మరిచిపోయాను. మిగతా రెక్కల పురుగులకు మెత్తగా ఉండే ఆ గొట్టం వీటికి గట్టిగా, కొసన ముళ్లతో ఉంటుంది. పండు తోలును తొలిచేస్తుంది. ఆ తోటలో రెండు రకాలు దొరికాయి. నారింజ రెక్క మీద గుండ్రని నల్ల చుక్క ఉన్నది మాటర్నా, చిక్కుడు గింజలా వంగిన నల్ల మచ్చ ఉన్నది ఫలోనియా.

వీటి పిల్లలు జామాకు ముట్టవు, తిప్పతీగ మీద పెరుగుతాయి. జంగారెడ్డి కరోనాలో కషాయానికని కంచె పొడవునా తిప్పతీగ పాకించాడు. మర్నాడు చూస్తే దాని నిండా గొంగళిపురుగులే. తీగ తీయించాం, రాలిన కాయలు ఏరి పూడ్చాం, చెట్టున ఉన్న కాయలకు బ్యాగింగ్ చేయించాం. అంటే సంచులు తొడిగించాం. ఆ పంట సగమన్నా దక్కింది.

అంజమ్మ ఆలూరులో చామంతి పూలు తెంపడానికి పోతున్నదని తెలిసి ఇద్దరం వెళ్లాం.

“తప్పైంది అంజమ్మా. రేపటిసంది పనికి రా,” అన్నాడు జంగారెడ్డి.

ఆమె పూలు తెంపడం ఆపలేదు. “పని ఏడనన్న దొరుకుతది పటేలా. నన్ను నలుగుర్ల దొంగను చేసినవ్. మా కోడలు సుత దబ్బణం ఏడ దాసినవని అడిగింది. గిప్పుడు చేన్లకొచ్చి చెవుల చెప్తున్నరు.”

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. ఆ వారమే ఎంకపల్లిలో రైతుల మీటింగు పెట్టించాను. అంజమ్మ తన కోడలిని వెంటబెట్టుకొని వచ్చింది. పట్టిన పురుగులను అందరికీ చూపించి, అంజమ్మ చెప్పిందే నిజమని, ఈగ అన్న నా మాట తప్పని చెప్పాను. జంగారెడ్డి లేచి, ఆమె ఏ తప్పూ చేయలేదని అందరి ముందు ఒప్పుకున్నాడు. నా మనసు తేలికపడింది.

బయట చెప్పులు వేసుకుంటూ అంజమ్మ నన్ను పిలిచింది.

“అంత మంచిగ చెప్పిండ్రు సార్. నవ్విన సంగతి చెప్పలే. మీరు నవ్వకుంటే పటేల్‌కు నా మీద అనుమానమే రాకపోవు.”

ఆమె మళ్లీ ఆ తోటకు పోలేదు. ఇప్పుడు నేను ఎక్కడికి వెళ్లినా ముందు కాయ తెంపేవాళ్లను అడుగుతాను. వాళ్లు చెప్పేది నా చదువుకు ఎంత వింతగా తోచినా, వెళ్లి చూశాకే నోరు తెరుస్తాను. ఆ రోజు మీటింగులో నేను దాచిన మాటను ఇక్కడ రాస్తున్నాను. నేను నవ్వాను.