జువాలజీ మాస్టారి సిగ్గు

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పిన కామరాజు తాత బొద్దింకను కళ్లు మూసుకుని బోర్డు మీద వేసేవాడు. దాని కాళ్ల మీది నూగు కూడా వదిలేవాడు కాదు. మనుషుల పునరుత్పత్తి పాఠం వచ్చేసరికి మాత్రం సుద్దముక్క కింద పెట్టి, "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అనేవాడు. అలా ఎంతమందిని డాక్టర్లను చేశాడో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు.

ఇంటర్ చదివే మనవరాలు హైందవి ఒకరోజు ఆ పాఠమే తెచ్చి ముందు పెట్టింది.

"మా లెక్చరర్ ఇంట్లో చదువుకోమన్నారు తాతయ్యా."

"ముందు బొద్దింక పూర్తి చెయ్యమ్మా," అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు మహానుభావుడు.

ఆ పిల్లకు అప్పటికే వారంగా ఒంటేలుకు వెళ్తే మంట, దురద. ఫోన్లో వెతికితే అన్నీ భయంకరమైన రోగాలే కనిపించాయి. అవి ఎలాంటివాళ్లకు వస్తాయో కూడా రాసి ఉంది. తననూ అలాంటిదే అనుకుంటారని ఏడ్చి ఏడ్చి, చివరికి నానమ్మ సీతామహాలక్ష్మికి చెప్పింది. మోకాళ్లు పట్టేసి మంచం దిగలేని ఆవిడ మొగుణ్ణి పిలిచింది.

"దాన్ని పంజాగుట్టలో లేడీ డాక్టరుకు చూపించండి. కోడలు ఊరి నుంచి వచ్చేదాకా ఆగేది కాదు."

"ఏంటి, నేనా?"

"కాదు, మీ బొద్దింక."

క్లినిక్‌లో రిసెప్షన్ దగ్గరున్న చంద్రిక ఏం ప్రాబ్లమని అడిగింది. కుర్చీల్లో జనమంతా తననే చూస్తున్నట్టు అనిపించింది తాతకు. గొంతు సవరించుకుని, "జ్వరం," అన్నాడు.

"జ్వరమైతే మొదటి రూం సార్. మహిపాల్ సార్ చూస్తున్నరు, పోండ్రి."

ఆ డాక్టరు హైందవి నాలుక చూశాడు, జ్వరం లేదన్నాడు, అయినా జ్వరం మాత్రలే రాశాడు. తాత చీటీ మడిచి జేబులో పెట్టుకుని, ఘనకార్యం ముగించినట్టు చెప్పుల వైపు నడిచాడు. హైందవి కదల్లేదు. ఇప్పుడు ఇంటికి పోతే ఆ మంటా, ఆ భయమూ తనతోనే వస్తాయి. తిరిగి చంద్రిక దగ్గరకు వెళ్లింది.

"అక్కా, జ్వరం కాదు. ఒంటేలుకు పోతే మంటగా ఉంటోంది. లేడీ డాక్టర్ కావాలి."

"గింతేనా చెల్లె? గిది చెప్పనీకి ఫికర్ ఎందుకు? మేడం లోపలున్నది, పో."

తాత గోడకున్న కంటి బొమ్మను ఎంతో శ్రద్ధగా పరిశీలించాడు.

బయటికొచ్చేసరికి పిల్ల ముఖం తేటపడింది. మామూలు ఇన్ఫెక్షనేనట, ఎవరికైనా వస్తుందట, తన తప్పేం లేదట, మందులతో తగ్గిపోతుందని మేడం చెప్పారట. మెట్లు దిగుతూ తాత నెమ్మదిగా అడిగాడు.

"నా గురించేమైనా అడిగిందా?"

"అడిగారు. ఇలాంటివి చెప్పడానికి ఇంట్లో చదువుకున్న పెద్దవాళ్లెవరూ లేరా అని."

"ఏం చెప్పావు?"

"మా తాతయ్యకు కిరాణా కొట్టుండేదని చెప్పాను."