అద్దం మీద బొట్టు

ఐర్లండ్‌లోని కార్క్‌లో లాక్‌డౌన్ పెట్టేనాటికి నా థీసిస్ సగంలో ఉంది. పందొమ్మిదో శతాబ్దపు ఆస్ట్రియా చిత్రకారుడొకడి జీవితం మీద రాస్తున్నాను. పేరొచ్చాక గొప్పింటి వాళ్లను చిత్రించాడు గానీ, అంతకుముందు చాలా ఏళ్లు పోయినవాళ్ల బొమ్మలు వేసి బతికాడు. శవం పక్కన కూర్చుని, మూసిన కళ్లను బొమ్మలో తెరిచేవాడు. "అదంతా కూలిపని, తీసెయ్" అన్నాడు మా ప్రొఫెసర్ వీడియో కాల్‌లో. ఒళ్లు మండింది. ఆయనింట్లో ఇంకా ఎవరూ పోలేదేమో.

ఆ వారమే, మేముండే శివారు బాలింకాలిగ్‌లో మా పక్కింటి తెలుగు ఆంటీ కోవిడ్‌తో ఆసుపత్రిలో పోయింది. అంకుల్‌ని లోపలికి రానివ్వలేదు. మూసిన పెట్టెను దూరం నుంచి చూపించి దహనానికి తీసుకెళ్లిపోయారు. నా చిత్రకారుడిని కనీసం శవం పక్కన కూర్చోనిచ్చారు.

మర్నాడు అంకుల్ మా కిటికీ బయట వానలో నిలబడి, ఆంటీ వీసా ఫొటో నా ఫోన్‌కి పంపారు.

"దండ వేయడానికి ఇదొక్కటే క్లియర్‌గా ఉందమ్మా. బొట్టుంటే వీసా రాదేమోనని అప్పుడు నేనే తీయించా. పునిస్త్రీగా పోయింది, చివరి బొట్టు నా చేత్తో పెట్టాల్సింది. నువ్వు పెయింటింగుల గురించే చదువుతున్నావుగా, కాస్త పెట్టిపెట్టు."

ల్యాప్‌టాప్‌లో ఫొటో తెరిచి కిటికీ దగ్గర ఆయన వైపు తిప్పి, పక్క నుంచి తొంగిచూస్తూ మౌస్‌తో ఎర్ర చుక్క పెట్టాను. నేనెక్కడ పెట్టినా "అక్కడ కాదమ్మా" అన్నారు. చివరికి తనే బయట నుంచి అద్దం మీద వేలు ఆనించారు. ఎర్ర చుక్కను ఆ వేలి కిందికి జరిపాను.

"ఆఁ, అక్కడే" అన్నారు.

వేలు మాత్రం తీయలేదు.