అండి లేని జవాబులు

నాకు అయిదో తరగతితో బడి అయిపోయింది. మా పుట్టిల్లు రేపల్లె దగ్గర, నగరం దారిలో ఒక చిన్న ఊరు. పై చదువుకు రేపల్లె వెళ్ళాలి. తోడు వెళ్ళే ఆడపిల్ల ఇంకొకరు లేరని మా నాన్న మానిపించాడు. దాని గురించి నేను పెద్దగా బాధపడిందీ లేదు, ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారి కార్తీకమాసం. సముద్ర స్నానానికి వెళ్తుంటే మా బస్సు బాపట్లలో కాలేజీ గేటు ముందు ఆగింది. నాకు పన్నెండేళ్ళు ఉంటాయేమో. ఇద్దరమ్మాయిలు పుస్తకాలు గుండెకు ఆనించుకుని నడిచొస్తున్నారు. ఒకామెది నీలం ఓణీ, రెండో ఆమె చెప్పు తెగితే చేత్తో పట్టుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు. వాళ్ళు అతన్ని ఏమీ అడగలేదు, అతను వాళ్ళని ఏమీ అడగలేదు. నేరుగా లోపలికి వెళ్ళిపోయారు. అలా వెళ్ళడం చూసి, ఎందుకో నా కళ్ళు నిండాయి. సముద్రపు గాలి అని మా అమ్మకు చెప్పాను, సముద్రం ఇంకా అయిదు మైళ్ళు ఉండగానే.

తర్వాత తెనాలి కోడలినయ్యాను, నాకూ కోడలు వచ్చింది. చదువు లేకపోయినా నాకు జ్ఞాపకం మాత్రం గట్టిది. ఒకసారి విన్నది పోదు. మా పెళ్ళిలో వడ్డించిన కూరలు ఈరోజుకీ వరసగా చెప్పగలను, ఏ కూరలో ఉప్పు తగ్గిందో కూడా.

రెండేళ్ళ కిందట మా పొదుపు సంఘం మీటింగుకి బాపట్ల నుంచి ఒక కాలేజీ సారు వచ్చారు. పచ్చళ్ళు, ఒడియాలు చెడిపోకుండా నిలవ చేయడం మీద ఆడవాళ్ళకు కోర్సు పెడుతున్నారట. చదవడం వస్తే చాలు, పదో తరగతి అక్కర్లేదు అన్నారు. వారానికొక పాఠం ఫోనుకు వస్తుంది. అది చదువుకుని శనివారం సాయంత్రం ఫోనులోనే క్విజ్ రాయాలి. ఆరు పాఠాలు, ఆరు క్విజ్‌లు. పదికి ఏడు రావాలి. రెండుసార్లు తప్పితే ఊరుకుంటారు, మూడోసారి తప్పితే పేరు తీసేస్తారు. మిగిలినవాళ్ళకు బాపట్ల కాలేజీలో పదిరోజులు క్లాసులు. నేను ఆ చివరి మాట వినే పేరు ఇచ్చాను. పచ్చళ్ళు నాకు కొత్తేం కాదు, ఆ గేటు కొత్త.

చిక్కేమిటంటే నాది కూడబలుక్కునే చదువు. పదిహేను నిమిషాల్లో పది ప్రశ్నలు చదివేసరికే టైమైపోతుంది. ఆ మాట సారుకి చెబితే, ఇంట్లో ఎవరైనా ప్రశ్న చదివి వినిపించవచ్చు గానీ జవాబు మాత్రం మీదే అయి ఉండాలి, వాళ్ళు చూడకూడదు అన్నారు. మా కోడలు మాటంటే మాటే. పాఠం నాకు వంటింట్లో రెండుసార్లు చదివి వినిపించేది. శనివారం మాత్రం ప్రశ్న చదివి, ఫోను నా చేతికిచ్చి, గోడవైపు తిరిగి కూర్చునేది. అయిదు ప్రశ్నలకు సరైనదాని మీద వేలు పెట్టాలి. మిగతా అయిదింటికి ఒక్క మాట రాయాలి. మైకు బొమ్మ నొక్కి చెబితే ఫోనే రాసుకుంటుందని తనే నేర్పింది.

మొదటి క్విజ్ అయ్యాక అన్నీ తెలిసినవే వచ్చాయని మా ఆయనతో గొప్పగా చెప్పాను. పదికి అయిదు వచ్చింది. రెండో వారం పాఠం మూడుసార్లు చదివించుకున్నాను. మళ్ళీ అయిదే. ఇంకొక్కటి తప్పితే బాపట్ల లేదు. ఆ రాత్రి అన్నం సయించలేదంటే మా కోడలు నమ్మదు గానీ, నిజంగానే ఉత్త పెరుగన్నంతో లేచాను.

సోమవారం సారుకి ఫోన్ చేశాం. ఆయన నా జవాబులు తీశారు. తర్వాత ఒక్కొక్కటే చదివారు.

"ఉప్పండి. నూనండి. తేమండి. బూజండి." ఇంక ఆపుకోలేక నవ్వేశారు. "బూజుకి కూడా మర్యాదేనా అమ్మా?"

బూజుకి కాదండి, మీకండి అన్నాను. పరీక్ష పెట్టేది సారు. సారు అడిగినదానికి "బూజు" అని మొహాన కొట్టినట్టు చెబుతారా ఎవరైనా? అయిదో తరగతి దాకా నాకు బళ్ళో అబ్బిన విద్య ఏదైనా ఉందంటే అదొక్కటే. కానీ కంప్యూటర్‌కి ఉప్పు వేరు, ఉప్పండి వేరట. ఇచ్చిన మార్కులు మార్చడం కుదరదట. ఇకనుంచి ఉత్త మాట చెప్పండమ్మా అని ఆయన నాకు అండి పెట్టి మరీ చెప్పారు.

అంత తేలిక కాదు. నోరు ముందు పరుగెత్తుతుంది. మా కోడలే ఉపాయం చెప్పింది.

"అత్తయ్యా, సారు అడిగారనుకోకండి. నేను అడిగాననుకోండి. నన్ను మీరు అండి అనరు కదా."

ఆ వారమంతా ఇంట్లో అభ్యాసం. నేను బియ్యం కడుగుతుంటే అడిగేది, బట్టలు ఆరేస్తుంటే అడిగేది. నేను ఉత్త మాట అనాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే వేమూరు నుంచి మా బావగారు వచ్చారు. మా ఆయనకు అన్నగారు. ముప్ఫై ఏళ్ళలో ఆయన ముందు నా మాట అండి లేకుండా ముగియలేదు. తమ్ముడు ఉన్నాడా అమ్మా అన్నారు. "లేరు" అన్నాను. ఎక్కడికెళ్ళాడు అన్నారు. "బజారుకు." కాఫీ ఏమైనా పెడతావా అంటే "పెడతాను." నేను కాఫీ తెచ్చేసరికి వరండాలో మనిషి లేడు, గొడుగు లేదు. సాయంత్రం మా ఆయనకు ఫోన్ చేసి, మీ ఇంట్లో నావల్ల ఏదైనా పొరపాటు జరిగిందేంట్రా అని అడిగారట. మా ఆయన సంగతంతా చెప్పారు. అయితే పరీక్షలన్నీ అయ్యాకే వస్తాలే అన్నారట.

మూడు, నాలుగు, అయిదు క్విజ్‌లు గట్టెక్కాను. ఒకదానిలో తొమ్మిది కూడా వచ్చింది. ఇక ఆరోది. ఆ పాఠం చాలావరకు మిషన్లు, వేడి డిగ్రీలు. నాకు కథలాగా చెవిలో పడితేనే నిలుస్తుంది. ఆ పాఠమేమో గిన్నెల కొట్టులో చప్పుడులా ఉంది. వేలు పెట్టే అయిదింటిలో మూడింటికి కళ్ళు మూసుకుని పెట్టాననే చెప్పాలి. అవి పోయినట్టే. అంటే మిగిలినవన్నీ సరిగ్గా పడితేనే ఏడు. రాయాల్సినవాటిలో నాలుగు చెప్పేశాను, ఉత్త మాటలుగా. మా కోడలు చివరి ప్రశ్న చదివి గోడవైపు తిరిగింది. ఆవకాయకు మామిడి ముక్కల్లో ఉప్పు, కారంతో పాటు కలిపే పొడి ఏది?

నలభై ఏళ్ళుగా కలుపుతున్న చెయ్యి. మైకు నొక్కాను. "ఆవపి" దాకా వచ్చి నోరు ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చేది అచ్చం అండిలాగే ఉంది. ఇన్నాళ్ళూ తోక కత్తిరించి కత్తిరించి, ఇప్పుడు దీనికి తోక ఎక్కడిదాకా ఉందో తెలియలేదు. ఫోనులో చూస్తే "ఆవపి" అని ఉంది. పైన అంకెలు తగ్గిపోతున్నాయి.

"అమ్మాయ్, దీనికి అండి ఉందా, లేదా?"

"నన్నడక్కండి అత్తయ్యా. నేను చెబితే అది నా జవాబవుతుంది." తల కూడా తిప్పలేదు. మెడ మాత్రం బిగుసుకుపోయింది.

అప్పుడు నేను బజారు తలుచుకున్నాను. కొట్లో శెట్టిగారిని ఏమని అడుగుతాను? ఆవపిండి ఉందాండి అంటాను. పిండి అన్నది పిండిదే, చివర అండి ఆయనది. ఆయనది ఆయనకు వదిలేసి, పిండిది పిండికి ఇవ్వాలి. ముందుదంతా చెరిపి మైకు నొక్కి "ఆవపిండి" అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, వెనకాల ఇంకేదీ రాకుండా.

ఏడు వచ్చింది. సరిగ్గా ఏడే. మా కోడలు అప్పుడు తిరిగి, మీతో ఇంకెప్పుడూ పరీక్ష రాయించను అని అక్కడే పడుకుండిపోయింది. మర్నాడు బావగారు కాఫీకి వచ్చారు. రండి, కూర్చోండి, ఉండండి, తీసుకోండి అని బాకీ అంతా తీర్చేశాను.

క్లాసులకు పొద్దున్నే తెనాలిలో రైలెక్కి ఒక్కదాన్నే వెళ్ళాను. తోడు వస్తానని మా కోడలు అంటే వద్దన్నాను. గేటుకు రంగు మారింది, పక్కన షెడ్డు వేశారు. సంచిలో కొత్త నోటుబుక్కు, టిఫిన్ డబ్బా. వాచ్‌మన్ లేచి అడిగాడు.

"ఎవరికోసం వచ్చారు పెద్దమ్మా?"

"ఎవరికోసమూ కాదండి. చదువుకోడానికి వచ్చానండి."

అతను నన్ను ఒకసారి, సంచిని ఒకసారి చూసి పక్కకు జరిగాడు. రెండోరోజు నేను వెళ్ళేసరికి అతను పేపరు చదువుకుంటున్నాడు. తలెత్తి చూసి, ఏమీ అడగకుండా మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయాడు.