అమ్మ ఏం పని చేసేది

ప్లీడరుగారు రాసిన కాగితాల్లో అమ్మ పేరు ఒక్కచోటే ఉంది. తర్వాత అంతా మృతురాలే. మృతురాలి వయసు, మృతురాలి ఆరోగ్యం, మృతురాలి వృత్తి. నాన్న, నేను, నాయనమ్మ అర్జీదారులం. లారీ ఓనరు మీదా, ఇన్సూరెన్సు కంపెనీ మీదా నష్టపరిహారం అర్జీ. లారీ నడిపినవాడి మీద పోలీసు కేసు వేరే ఉంది. ఒక్క చావుకి రెండు కేసులెందుకో ప్లీడరుగారు రెండుసార్లు విడమరిచి చెప్పారు. తల ఊపాను గానీ, ఇప్పటికీ నాకు సగమే అర్థమైంది.

జరిగింది మాత్రం రెండు ముక్కల్లో చెప్పొచ్చు. మిరపకాయల కోతకి కూలీలను ఎక్కించుకుని పొద్దున్నే రెంటచింతల వైపు పోతున్న ఆటోని లారీ గుద్దింది. ఆ ఆటోలో అమ్మ ఉంది.

అమ్మ కూలికి పోతోందని మా ఇంట్లో ఎవరి నోటా వచ్చేది కాదు. మాకు రెండెకరాల పొలం ఉంది, తాత ఒకప్పుడు పంచాయతీ మెంబరు. అలాంటి ఇంటి కోడలు కూలికి పోవడమా! అందుకే సొంత ఊరు వదిలి పక్క మండలానికి పోయేది. "మా అక్క చేలో సాయానికి" అని చెప్పేది. నాయనమ్మ కూడా వీధిలో అదే చెప్పేది. నా డిగ్రీ ఫీజు ఆ సాయంలోంచే వచ్చేది. అది చేతిలో పెట్టేటప్పుడల్లా, "మీ నాన్నకి చెప్పమాకే" అనేది అమ్మ.

"ఆవిడ కూలి చేసి సంపాదించేదని రాశాను. అడిగితే అవుననండి, చాలు" అన్నారు ప్లీడరుగారు. నాన్న చదవకుండానే సంతకం పెట్టాడు.

గురజాల కోర్టులో వాయిదా నాడు నాన్న ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని బోనెక్కాడు. కంపెనీ తరఫు ప్లీడరు చాలా మర్యాదస్తుడు.

"మీకు సొంత పొలం ఉందా?"

"ఉందండి."

"మీ నాన్నగారు పంచాయతీ మెంబరంట గదా?"

"అవునండి." నాన్న మెడ నిటారైంది.

"మరి అంత పరువుగల ఇంట్లో ఆడవాళ్ళు కూలికి పోతారా?"

"పోరండి! మా ఇంట్లో ఆడోళ్ళు కూలికి పోయే రకం కాదు."

"అంతేనండి" అని ఆయన కూర్చున్నాడు. మా ప్లీడరుగారు నుదురు పట్టుకున్నారు.

బయటికి వచ్చాక, "ఇంటిపనికి కూడా కోర్టు విలువ కడుతుందమ్మా, కేసు పోదు. కానీ ఆమె సంపాదన లేనట్టే అయింది. వచ్చే వాయిదాకి రెండో సాక్షిగా నువ్వెక్కు. ఉన్నది చెప్పు" అన్నారు. నాన్న వినపడనట్టు టీ తాగుతున్నాడు.

వాయిదా వచ్చేదాకా నా మనసు ఒకచోట నిలవలేదు. నిజం చెబితే కోర్టులో కన్నతండ్రిని అబద్ధాలకోరును చేసినట్టు. చెప్పకపోతే అమ్మ అంత ఎండలో పడ్డ కష్టం ఏ కాగితంలోనూ లేకుండా పోతుంది. నాన్న మీద మండిపోయేది, అంతలోనే జాలేసేది. పాపం, కూలి సంగతి ప్లీడరుగారు కేసు కోసం రాసిందే అనుకున్నాడేమో, ఆయనకి నిజంగానే తెలియదేమో అనిపించేది.

చివరికి బోనెక్కి చెప్పేశాను. "మా అమ్మ కూలికే పోయేదండి. నాలుగేళ్ళపాటు." నాన్న వైపు చూడలేదు. జడ్జిగారు నా మాటను ఇంగ్లీషులో టైపు చేయించారు.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. బస్సు రెంటచింతల దాటింది. నేనే ఉండబట్టలేక, "అమ్మ నీకు చెప్పొద్దంది నాన్నా. అందుకే చెప్పలా" అన్నాను.

"నాకు తెలవకేందే" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "కాయలు కోసొచ్చిన రోజు చేతులు మండి అన్నం కలుపుకోలేకపొయ్యేది. ఆ చేతుల మీద మజ్జిగ పోసింది ఎవరనుకున్నావే?"

మరి నాన్నకి చెప్పొద్దని అమ్మ నాతో ఎందుకంది? అంతా తెలిసిన మనిషి కోర్టులో ఎందుకు కాదన్నాడు? నాన్నకి తెలుసన్న సంగతి ఇద్దరూ కలిసి దాచింది నా దగ్గరేనా? అడగబోతుంటే మా ఊరొచ్చింది.

బస్సు దిగాక నాన్న ఆగి, "కోర్టులో చెప్పావు, చాలు. ఊళ్ళో చెప్పమాకే" అన్నాడు.

అచ్చం అమ్మ అన్నట్టే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఎవరి కోసమో తెలియలేదు.